నక్షత్రాల షరాబు : రాధాగోవింద చంద్ర

ఉగాదినాడు మన సంఘ భవనంలో పంచాంగ శ్రవణం జరగడం పెద్దలనాటి నుంచి వస్తున్న ఆచారం. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అని అయిదు అంగాలూ పురోహితులు చదువుతుంటే ఇంటిల్లిపాదీ కూర్చొని వింటాం. అశ్విని మొదలు రేవతి వరకు ఇరవైయేడు నక్షత్రాల పేర్లు మన పిల్లలలో చాలామందికి కంఠస్థం. దేశంకాని దేశం వచ్చి స్థిరపడినా ఆ పేర్లు మనం మరచిపోలేదు. సంతోషమే. అయితే ఆ ఇరవైయేడింటిలో అయిదారింటినైనా ఆకాశంలో వేలు చాచి చూపగలవారు మనలో ఎందరున్నారో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఆకాశంలో చుక్కలను గుర్తుపట్టడమే కాదు, ఏ చుక్క ఏ రాత్రి ఎంత వెలుగుతో ఉన్నదో ముప్పై అయిదేళ్లపాటు కాగితం మీద పెట్టిన ఒక గుమాస్తా చరిత్రను ఈ ఉగాది సంచికలో పాఠక మహాశయులకు విన్నవించదలచాము. ఆయన ఆంధ్రుడు కాడు, బెంగాలీ. పేరు రాధాగోవింద చంద్ర. మన సంచికలలో ఆంధ్ర మహనీయుల చరిత్రలే వస్తుండగా బెంగాలీ గుమాస్తా చరిత్ర ఎందుకని కొందరు అడగవచ్చు. మా సమాధానం రెండు మాటలు. ఆయన వాడిన దుర్భిణి తరువాత హైదరాబాదులో పెరిగిన ఒక మహాశాస్త్రజ్ఞుని చేతికి వచ్చి, నేడు తమిళనాడు కొండలలో ఉన్నది. ఇది మొదటిది. నెలజీతం మీద బ్రతుకుతూ, సొంత ఊరికి దూరంగా ఇల్లు నిలబెట్టుకొనే మనబోటి వారికి ఆయన జీవితంలో నేర్చుకోదగినది చాలా ఉన్నది. ఇది రెండవది.

రాధాగోవింద చంద్ర 1878వ సంవత్సరం జులై 16వ తేదీన జెస్సోరు పట్టణం దగ్గర బాగ్‌చర్ అనే పల్లెలో జన్మించారు. ఆ ప్రాంతం ఆనాడు అవిభక్త బెంగాలులో ఉండేది. నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. తండ్రి ఒక డాక్టరుగారి వద్ద సహాయకుడు. కలిగిన కుటుంబం కాదు. కుర్రవాణ్ణి జెస్సోరు జిల్లా స్కూలులో చేర్పించారు. అక్కడ చదివే రోజులలో అక్షయకుమార దత్త రచించిన చారుపాఠం అనే పాఠ్యపుస్తకంలో బ్రహ్మాండం ఎంత పెద్దదో వివరించే వ్యాసం ఒకటి ఆయన కంటబడింది. తరగతిలో అందరు పిల్లలూ చదివిన వ్యాసమే అది. మిగిలినవారు పరీక్ష కోసం చదివి వదిలిపెట్టారు. ఈయనను మాత్రం అది జీవితాంతం వదలలేదు.

పరీక్షల విషయం వచ్చింది గనుక ఆ సంగతీ చెప్పాలి. ఆ రోజులలో ఎంట్రన్సు అనేవారు, తరువాత మెట్రిక్యులేషన్ అన్నారు. రాధాగోవింద ఆ పరీక్షకు మూడుసార్లు కూర్చొని మూడుసార్లూ తప్పారు. అంతటితో చదువు ఆగిపోయింది. మన ఇళ్లలో పిల్లవాడు ఒక్కసారి పరీక్ష తప్పితే ఆ సాయంత్రం ఇల్లు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. మాట్లాడేవారుండరు, తినేవారుండరు. ఈయన ఇంట్లో అటువంటి సాయంత్రాలు మూడు గడిచాయన్నమాట. 1899లో, ఇరవైయొకటవ ఏట, వివాహం కూడా అయింది. సంసారం వచ్చిపడింది. ఇక ఉద్యోగం తప్పదు.

జెస్సోరు కలెక్టరు కచేరీ ఖజానాలో ఆయనకు పని దొరికింది. జీతం నెలకు 15 రూపాయలు. ఆ ఉద్యోగాన్ని బెంగాలీలు పొద్దారు అంటారు. మన వైపు షరాబు అనే మాటకు దగ్గరది. ఖజానాకు వచ్చిన సొమ్ము లెక్కపెట్టడం, నాణెం మంచిదో చెల్లనిదో పరీక్షించడం, పద్దు వ్రాయడం షరాబు పనులు. ఒక్క చెల్లని నాణెం మంచిదని పెట్టెలో వేస్తే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో నగదు తాకే ఉద్యోగాలు చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మేము రైల్వేలో గుమాస్తా పని చేస్తున్నాము గనుక ఈ బాధ్యత బరువు మాకు కొంత తెలుసు. పగలంతా నాణేలు పరీక్షించిన ఆ కళ్లే రాత్రిపూట చుక్కలను పరీక్షించాయి. ఆయన చరిత్రకు కీలకం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం.

చుక్కలు నేర్పడానికి ఆయనకు గురువు దొరికిన తీరు కూడా చెప్పుకోదగినదే. జెస్సోరులో కాళీనాథ ముఖర్జీ అనే వకీలు ఉండేవారు. వృత్తి న్యాయవాదం, వ్యాపకం ఖగోళం. నక్షత్ర పటాలు తయారుచేసి సంస్కృతంలోనూ బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ ప్రచురించిన పండితుడు. రాధాగోవింద ఆయనకు శిష్యుడై పటం మీద ఉన్నదాన్ని ఆకాశంలోనూ, ఆకాశంలో ఉన్నదాన్ని పటం మీదా పోల్చుకోవడం నేర్చుకున్నారు. ఇది వినడానికి తేలిక. అలవాటు లేనివారికి ఒక్క కృత్తికల గుంపు తప్ప ఏదీ పటంలో ఉన్నట్టు కనబడదు. ఋతువు మారితే చుక్కలు తలకిందులవుతాయి, వెన్నెల వస్తే చిన్నవి మాయమవుతాయి. ఏళ్ల తరబడి చూస్తేగాని ఆకాశం మన వీధివలె పరిచితం కాదు. మన వీధిలో కొత్త మనిషి వస్తే ఇట్టే పోల్చుకుంటాం. ఆకాశంలో కొత్త చుక్క వస్తే పోల్చుకోవాలంటే ఆ వీధిలో కాపురం చేసినంత పరిచయం ఉండాలి.

1910లో హేలీ తోకచుక్క వచ్చింది. రాధాగోవింద దానిని ఒక చిన్న దుర్భిణితో రాత్రి తరువాత రాత్రి చూసి, చూసిన సంగతులు పత్రికకు వ్రాశారు. శాంతినికేతనంలో విజ్ఞానశాస్త్ర బోధకులుగా ఉండిన జగదానంద రాయ్ ఆ వ్రాతలు చదివి, ఇంత శ్రద్ధగలవాడు మంచి దుర్భిణి కొనుక్కోవాలని ప్రోత్సహించారు. 1912లో ఇంగ్లండు నుంచి మూడంగుళాల దుర్భిణి తెప్పించుకున్నారు. మూడంగుళాలంటే పొడవు కాదు, ముందున్న అద్దం వెడల్పు. మన కంటిపాపకన్న అది వంద రెట్లకు పైగా వెలుతురును పట్టి తెస్తుంది. పదిహేను రూపాయలతో కొలువులో చేరిన మనిషికి ఎన్నో నెలల సంపాదనతో సమానమైన ఖర్చు అది. ఆ సొమ్ముతో భార్యకు నగలో, ఇంటికి పెంకులో వచ్చి ఉండేవి. ఆ ఇల్లాలు ఏమనుకున్నదో ఏ పుస్తకంలోనూ మేము చదవలేదు గాని, ఆమె సహనం లేనిదే ఆ దుర్భిణి ఆ ఇంట్లో నిలిచి ఉండేది కాదని మాత్రం సంసారులందరూ ఒప్పుకుంటారు.

ఇక 1918వ సంవత్సరానికి వద్దాం. ఐరోపాలో మొదటి మహాయుద్ధం ఇంకా జరుగుతున్నది. జూన్ నెల. మనం శ్రవణం అని పిలిచే నక్షత్రం గరుడ మండలంలో ఉన్నది. వేసవి రాత్రులలో తూర్పున లేచి వస్తుంది. దానికి కొంత పడమరగా, పాలపుంత పట్టీ మీద, జూన్ 7వ తేదీ రాత్రి పటంలో లేని చుక్క ఒకటి రాధాగోవింద కంటబడింది.

కొత్త చుక్క కనబడగానే కొత్త చుక్క అని కేకవేయడం తెలివితక్కువ. చెల్లని నాణేలు ఆకాశంలోనూ ఉంటాయి. మొదట అది గ్రహమేమో చూడాలి. గ్రహాలు రాశిచక్రం దాటి దూరంగా పోవు. గరుడ మండలం ఆ బాటకు ఎడంగా ఉన్నది గనుక ఆ అనుమానం త్వరగా తీరుతుంది. తరువాత తోకచుక్కా కాదా అని చూడాలి. తోకచుక్క అయితే దుర్భిణిలో పొగమంచు ముద్దవలె ఉంటుంది, చుట్టుపక్కల చుక్కలతో పోల్చితే కదులుతుంది. ఆ తరువాత, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే పాత చుక్కే ఈ రాత్రి పెరిగి కనబడుతున్నదా అని పటం వెదకాలి. చివరకు దుర్భిణి అద్దాల లోపల ఏర్పడే దొంగ ప్రతిబింబం కాదని తేల్చుకోవాలి. ఈ పరీక్షలన్నిటికీ నిలిచినదే అసలు నాణెం. నేడు ఫోటోలు తీసి చూసేవారైనా చేసేది ఇదే వరుస. ఒక రాత్రి చూసి తొందరపడక మరొకసారి చూడడం, వీలైతే మరొక పరిశీలకుని చేత చూపించడం, ఆ మీదట చోటు, వేళ, వెలుగు ఈ మూడూ వ్రాసి తెలియజేయడం పద్ధతి.

రాధాగోవింద చూసినది అసలైనదే. రెండు రోజులలో అది పెరిగి, మన ఆకాశంలో అత్యంత ప్రకాశవంతమైన చుక్కలతో పోటీపడింది. 1604లో కెప్లరు కాలాన కనబడిన కొత్త నక్షత్రం తరువాత అంత వెలుగుగలది అదే. చూసినది ఆయన ఒక్కరే అని మేము చెప్పడం లేదు. ఐరోపాలోనూ అమెరికాలోనూ ఎందరో దాన్ని ఎవరికి వారే కనిపెట్టారు. జూన్ 8న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది; దానికోసం బయలుదేరి వెళ్లిన శాస్త్రజ్ఞులకు ఆ రాత్రే ఈ కొత్త చుక్క కూడా దర్శనమిచ్చింది. పెద్ద పెద్ద వేధశాలల వారు గుర్తించిన దానినే జెస్సోరు పల్లెలో ఖజానా గుమాస్తా సొంతంగా గుర్తించడమే ఇక్కడి విశేషం. భారతదేశంలో ఉండి దానిని కనిపెట్టిన వ్యక్తిగా ఆయన పేరు చరిత్రలో నిలిచింది.

ఆ చుక్క స్వభావం నేడు స్పష్టంగా తెలిసింది. దానిని నోవా అంటారు. అనగా నవ్యతార. పేరుకు కొత్తది గాని నిజానికి పాతదే. మసకగా ఉండి కంటికి ఆననిది ఒక్కసారిగా భగ్గుమనడంతో కొత్తగా పుట్టినట్టు కనబడుతుంది. అక్కడ రెండు నక్షత్రాలు ఒకదానినొకటి చుట్టి తిరుగుతుంటాయి. ఒకటి కుంచించుకుపోయిన శ్వేతతార. అది పక్క నక్షత్రం నుంచి హైడ్రోజను వాయువును లాగుకొని తన ఒంటి మీద పోగుచేసుకుంటుంది. పోగు మితిమీరినప్పుడు పై పొర అంటుకొని పేలుతుంది. నక్షత్రం మాత్రం నాశనం కాదు. 1918 నాటి నక్షత్రం నేటికీ ఉన్నది. పాత మసక వెలుగుకు తిరిగి వచ్చింది. మననుండి దాని దూరం సుమారు వెయ్యి కాంతి సంవత్సరాలు.

సూపర్‌నోవా సంగతి వేరు. అందులో నక్షత్రం మొత్తమే బద్దలవుతుంది. దాని వెలుగు కొన్ని వారాలపాటు ఒక నక్షత్ర మహాకుటుంబం అంతటి వెలుగుకు సాటిరాగలదు. 1572లోనూ 1604లోనూ మన పాలపుంతలో కనబడినవి ఇవే. 1885లో దేవయాని మండలంలోని మహాకుటుంబంలో ఒకటి కనబడింది. 1918లో ఈ రెంటి మధ్య తేడా ఎవరికీ స్పష్టంగా తెలియదు. సూపర్‌నోవా అనే పేరు 1930లలో బాడె, జ్వికీ అనే శాస్త్రజ్ఞులు వాడుకలోకి తెచ్చారు. తేడా పట్టుకోవడానికి ఆధారం ఏమిటంటే, ఆ చుక్కలు ఎంత పెరిగాయి, ఎన్నాళ్లలో తగ్గాయి అని ఆయా రాత్రులలో ఎవరెవరో వ్రాసిపెట్టిన లెక్కలే. కనిపెట్టినవాని పేరుకన్న కనిపెట్టిన తరువాత వ్రాసిన లెక్క శాస్త్రానికి ఎక్కువ ఉపయోగపడిందన్నమాట.

ఆయన తన పరిశీలనను అమెరికాలోని హార్వర్డు వేధశాల అధ్యక్షుడు ఎడ్వర్డ్ పికరింగ్‌కు వ్రాసి పంపారు. ఎంట్రన్సు పరీక్ష ముమ్మారు తప్పిన మనిషి, సముద్రాల అవతలి మహాపండితునికి ఉత్తరం వ్రాశారంటే ఆ ధైర్యం సామాన్యమా? ఆ ఉత్తరం ద్వారానే ఆయనకు అమెరికా చరతారా పరిశీలకుల సంఘంతో సంబంధం కలిగింది. చరతారలంటే వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలు. 1911లో ఆల్కాట్ అనే న్యాయవాది స్థాపించిన ఆ సంఘంలో సభ్యులు చాలామంది ఉద్యోగస్థులూ వ్యాపారస్థులూ. జీతం లేదు, భత్యం లేదు. రాత్రిపూట చూసి, నెల నెలా లెక్క పంపడమే వారి పని.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం వివరిస్తాము. నక్షత్రాల వెలుగుకు తరగతులు ఉన్నాయి. రైలు పెట్టెలవలెనే ఇక్కడా మొదటి తరగతి గొప్పది. అంకె పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది. మామూలు కంటికి ఆరవ తరగతితో సరి. అయిదు తరగతుల తేడా అంటే వంద రెట్ల తేడా. ఉదాహరణకు తిమింగల మండలంలో మీరా అనే నక్షత్రం ఉన్నది. సుమారు 332 రోజులకు ఒకసారి బాగా వెలిగి మామూలు కంటికి కనబడుతుంది, తరువాత తగ్గి తగ్గి దుర్భిణి లేనిదే కనబడకుండా పోతుంది. పరిశీలకుడు చేయవలసినది ఏమంటే, దానికి దగ్గరలో వెలుగు మారని రెండు చుక్కలను ఎంచుకోవాలి, ఒకటి దానికన్న కాస్త హెచ్చు, ఒకటి కాస్త తక్కువ. ఆ రెండింటి అంకెలూ పటంలో ఉంటాయి. మన చుక్క ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలుస్తుందో కంటితో తూచి, తరగతిలో పదవ వంతు వరకు చెప్పాలి. త్రాసు లేదు, గీటురాయి లేదు. కన్ను ఒక్కటే. షరాబు పని అంటే ఇదే గదా!

వేళ వ్రాయడానికి కూడా ఒక కట్టుబాటు ఉన్నది. దేశానికొక గడియారం, మతానికొక సంవత్సరాది ఉంటే ప్రపంచమంతటి లెక్కలు కలపడం కుదరదు. అందుకని జూలియన్ దినసంఖ్య అని ఒకే వరుసలో రోజులు లెక్కపెట్టుకుంటూ పోతారు. 1918 జూన్ 7వ తేదీ ఆ లెక్కలో 24,21,752వ రోజు. రైళ్లు ఢీకొనకుండా నడవాలంటే స్టేషన్లన్నిటికీ ఒకే టైము ఎంత అవసరమో, పరిశీలకుల లెక్కలు ఒకదానితో ఒకటి సరిపడాలంటే ఇదీ అంత అవసరం.

హార్వర్డు వారికి జెస్సోరు మనిషి ఎందుకు కావలసివచ్చింది అనే సందేహానికి జవాబు భూగోళంలోనే ఉన్నది. వారికి పగలైనప్పుడు మనకు రాత్రి. ఆ పన్నెండు గంటలలో ఆకాశంలో ఏమి జరిగినా వారికి కనబడదు. తూర్పు దేశాలలో ఒక్క నమ్మకమైన మనిషి ఉంటే ఆ ఖాళీ కొంత పూడుతుంది. నమ్మకమైన అనే మాట గమనించాలి. మబ్బు పట్టిన రాత్రి ఏమీ వ్రాయకూడదు. నిన్నటి అంకె చూసి ఈనాటిది ఊహించి వేయకూడదు. చుక్క కనబడకపోతే కనబడలేదనే వ్రాయాలి. ఖజానాలో పైన ఆడిటరు ఉంటాడు. ఇంటి డాబా మీద అర్ధరాత్రివేళ ఏ ఆడిటరూ ఉండడు. అక్కడ దొంగలెక్క వ్రాసినా పట్టుకొనేవారు లేరు. పట్టుకొనేవారు లేనిచోట వ్రాసిన నిజం లెక్కే మనిషి విలువ తెలుపుతుంది.

రాధాగోవింద పంపిన లెక్కల మీద ఆ సంఘానికి ఎంత గురి కుదిరిందో 1926లో తేటతెల్లమైంది. చార్లెస్ ఎల్మర్ అనే సభ్యుడు సుమారు ఆరంగుళాల దుర్భిణి ఒకటి సంఘానికి ఇచ్చారు. ఆయన వృత్తి కోర్టులలో సంక్షిప్తలిపి వ్రాయడం. ఆయనా కలం పట్టి బ్రతికినవాడే. ఆ దుర్భిణిని అమెరికాలో ఎవరికైనా ఇవ్వవచ్చు. వారు అట్లు చేయక, పెట్టెలో కట్టి, ఓడ మీద జెస్సోరుకు పంపారు. ఎన్నడూ ముఖం చూడని మనిషి, పట్టా లేని మనిషి, పరాధీనమైన దేశంలో చిన్న గుమాస్తా. వారి దగ్గర ఆయనను గురించి ఉన్న సిఫారసు ఆయన పంపిన అంకెలే. మూడంగుళాల దానికన్న ఇది నాలుగు రెట్ల వెలుతురు తెస్తుంది గనుక మరింత మసక చుక్కలు కూడా ఆయన లెక్కలోకి వచ్చాయి.

ఫ్రాన్సు దేశంలో లియాన్ నగరం కేంద్రంగా ఉన్న చరతారా పరిశీలకుల సంఘానికి కూడా ఆయన లెక్కలు వెళ్లేవి. 1928లో ఫ్రెంచి ప్రభుత్వం విద్యావేత్తలకిచ్చే గౌరవ చిహ్నాన్ని ఆయనకు ప్రసాదించింది. జెస్సోరు కచేరీలో ఆయన పక్కన కూర్చొని పద్దులు వ్రాసిన గుమాస్తాలు ఆ వార్త విని ఏమనుకొని ఉంటారో ఊహించుకోవచ్చు. బిరుదు వచ్చిన మర్నాడు కూడా ఆయన కచేరీకి వెళ్లవలసినదే, నాణేలు లెక్కపెట్టవలసినదే.

1947లో దేశ విభజన జరిగింది. జెస్సోరు పాకిస్తానులో చేరింది. డెబ్బైవ పడికి చేరిన ముసలితనంలో రాధాగోవింద పుట్టిన నేల విడిచి రావలసివచ్చింది. కలకత్తాకు సమీపాన బారాసాత్‌లో స్థిరపడ్డారు. మన తాతతండ్రులు పొట్టకూటికి స్వయంగా బయలుదేరి వచ్చినవారు. వెనక్కు వెళ్లదలచుకుంటే ఊరు ఉన్నది, ఇలవేల్పు గుడి ఉన్నది. ఆయనకు ఆ దారి మూసుకుపోయింది. చుక్కలు చూసిన డాబా అవతల ఉండిపోయింది. అంతటి అలజడిలోనూ హార్వర్డు దుర్భిణి ఆయనతో భారతదేశానికి చేరింది. అది తన సొత్తు కాదు, నమ్మి ఇచ్చినవారి సొత్తు. పరుల సొమ్మును ప్రాణంతో సమానంగా కాపాడడం ఖజానా గుమాస్తాకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇల్లు మారినా ఆకాశం మారలేదు గనుక బారాసాత్‌లో కూడా పరిశీలన సాగించారు.

1954తో ఆయన పరిశీలనలు ముగిశాయి. అప్పటికి ఆయన పంపిన లెక్కలు మొత్తం 37,215. ముప్పై అయిదేళ్లకు పంచితే ఏటా వేయికి పైగా. రోజుకు సగటున మూడు. బెంగాలు వానాకాలంలో నెలల తరబడి మబ్బు విడవదని గుర్తుంచుకుంటే, మబ్బు లేని రాత్రులలో ఎంత పని చేసి ఉంటారో అంచనా కట్టవచ్చు. 1918 నాటి కొత్త చుక్క ఒక్క రాత్రి అదృష్టం అని ఎవరైనా అనవచ్చు. 37,215 అదృష్టం కాదు.

ఇక దుర్భిణి సంగతి. ఆయన తరువాత దానిని మనాలి కల్లట్ వేణు బప్పు అనే యువ శాస్త్రజ్ఞునికి అందజేశారు. బప్పుగారిది మలయాళ కుటుంబం. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. కొడుకు ఆ వేధశాల ఆవరణలోనే ఆకాశం చూడడం నేర్చుకొని, నిజాం కాలేజీలో చదివి, హార్వర్డుకు వెళ్లి పట్టా పొంది వచ్చినవారు. నైనితాల్ వేధశాలకు ఆయన పెద్దగా ఉన్నప్పుడు ఆ దుర్భిణి అక్కడికి చేరింది. తరువాత ఆయన తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరులో స్థాపించిన వేధశాలకు వచ్చింది. నేడు ఆ వేధశాలకు బప్పుగారి పేరే పెట్టారు. వేలూరు, తిరుపత్తూరు వైపు స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు పిల్లలతో ఒకసారి అక్కడికి వెళ్లివస్తే బాగుంటుంది.

రాధాగోవింద చంద్ర 1975 ఏప్రిల్ 3వ తేదీన 96వ ఏట బారాసాత్‌లో కన్నుమూశారు. ఊరేగింపులు లేవు, విగ్రహాలు లేవు. పొరుగువారిలో అనేకులకు ఆయన ఎవరో తెలియదు. ఆయన వ్రాసి పంపిన అంకెలు మాత్రం అమెరికా సంఘం దస్త్రాలలో భద్రంగా ఉన్నాయి. ఒక నక్షత్రం నూరేళ్లలో ఎలా మారిందో తెలుసుకోదలచిన శాస్త్రజ్ఞుడు నేటికీ ఆ పాత లెక్కలు తీసి చూడవలసినదే. ఎందుకంటే 1930లో గడిచిపోయిన రాత్రిని ఎంత పెద్ద యంత్రం కొన్నా మళ్లీ తేలేము. ఆ రాత్రి మేలుకొని ఉన్నవాని వ్రాతే దానికి సాక్ష్యం.

ఆయన వెళ్లిన బాట మూసుకుపోలేదు. 1987 ఫిబ్రవరిలో దక్షిణాకాశంలో మామూలు కంటికి కనబడిన సూపర్‌నోవాను స్వయంగా కనిపెట్టినవారిలో న్యూజీలాండుకు చెందిన ఆల్బర్ట్ జోన్స్ ఒకరు. ఆయనా చరతారలు లెక్కవేసే ఔత్సాహికుడే. జీవితకాలంలో అయిదు లక్షలకు పైగా లెక్కలు పంపారు. ఆస్ట్రేలియాలో రాబర్ట్ ఇవాన్స్ అనే చర్చి బోధకుడు వందలాది నక్షత్ర మహాకుటుంబాల రూపురేఖలు జ్ఞాపకం పెట్టుకొని, నలభైకి పైగా సూపర్‌నోవాలను కనిపెట్టారు. నేడు పెద్ద యంత్రాలు రాత్రంతా ఆకాశాన్ని జల్లెడ పడుతున్నా, వాటికి అందిన అనుమానపు చుక్కలను మళ్లీ చూసి సరిచూసే ఔత్సాహికుల అవసరం తీరిపోలేదు.

మన తెలుగునాట కూడా ఈ ఆసక్తి లేకపోలేదు. విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పగా, వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపారు. ఒడిశాలో ఖండపడా సంస్థానపు పఠాణి సామంత, 1904లో పరమపదించేవరకు, వెదురు కర్రలతో చేసుకొన్న పరికరాలతోనే గ్రహగతులు కొలిచారు. జమీందారుకు ధనం ఉన్నది, సామంతకు సంస్థానపు పుట్టుక ఉన్నది. రాధాగోవిందకు ఈ రెండూ లేవు. అందుచేత ఆయన కథ మనకు మరింత దగ్గర.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి పనికిరానివాడని ఒక్క మార్కుల కాగితం చూసి నిర్ణయించవద్దు. వాడికి ఏ పని మీద మనసు నిలుస్తుందో, ఎవరూ చూడనప్పుడు కూడా ఏ పని సరిగా చేస్తాడో గమనించండి. చదువులో ముందున్న పిల్లలకూ ఈ మాట వర్తిస్తుంది. ఈ వేసవిలో పిల్లలతో కలిసి మేడ ఎక్కి శ్రవణాన్ని, దాని పక్కన పాలపుంతను గుర్తుపట్టండి. ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకొని, తేదీ, వేళ, చూసినది వ్రాయించండి. చూడనిది వ్రాయనివ్వకండి. ఖర్చు లేని చదువు ఇది; ఏ ఊరికి బదిలీ అయినా వెంట వచ్చే చదువు.